పెట్రోలు బంకులో కారు కడిగితే గిట్టుతుందా?

రాజకీయాలు రాసుకునేవాడికి కార్లు కడిగే వ్యాపారంతో పనేమిటని ఈ శీర్షిక చూసిన పాఠకులు అనుకోవడం సహజం. పుదుచ్చేరిలో ఉంటూ పన్నుల గురించి, కేంద్ర రాష్ట్ర సంబంధాల గురించి ఏళ్ల తరబడి రాస్తున్న నాకు, ఆ రెండూ ఒకేచోట కంటికి కనిపించే స్థలం పెట్రోలు బంకే అనిపిస్తుంది. శాసనసభలో బడ్జెట్ ప్రసంగం విని అర్థం చేసుకోలేని విషయాన్ని సరిహద్దు బంకు దగ్గర పది నిమిషాలు నిలబడితే గ్రహించవచ్చు. ఆ బంకు మూలన వాటర్ వాష్ పెడితే గిట్టుతుందా అన్న ప్రశ్న పైకి చిన్నదే. జవాబు వెతుక్కుంటూ వెళితే అది ఈ ఊరి బతుకుదెరువు ప్రశ్నగా మారుతుంది.

ముందుగా బంకు యజమాని స్థితి ఏమిటో చూద్దాం. బయటివారి దృష్టిలో అతను ధనికుడు. రోజుకు లక్షల రూపాయలు అతని చేతుల మీదుగా వెళతాయి. కానీ తాను అమ్మే సరుకు ధరను నిర్ణయించే అధికారం అతనికి లేదు. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లో, డీజిల్ ధరపై 2014 అక్టోబరులో ఎత్తివేశామని చెప్పారు. ఆ స్వేచ్ఛ చమురు కంపెనీలకు దక్కింది గాని డీలరుకు దక్కలేదు. 2017లో రోజువారీ ధరల పద్ధతిని దేశమంతా అమలు చేయడానికి ముందు, మే 1 నుంచి అయిదు నగరాల్లో ప్రయోగాత్మకంగా పరీక్షించారు. ఆ అయిదింటిలో పుదుచ్చేరి ఒకటి, మన విశాఖపట్నం మరొకటి. తక్కినవి ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్. ఆనాటి నుంచి ఈనాటి వరకు బోర్డు మీది అంకె ఎక్కడి నుంచో వస్తుంది, డీలరు దాన్ని ప్రదర్శిస్తాడు. అతనికి మిగిలేది కంపెనీ నిర్ణయించిన కమిషను. అది పెట్రోలు మీద లీటరుకు సుమారు నాలుగు రూపాయలు, డీజిల్ మీద సుమారు మూడు రూపాయలు. అందులోంచే జీతాలు, కరెంటు, ఆవిరైపోయే పెట్రోలు, అప్పు మీద వడ్డీ అన్నీ భరించాలి. పైపెచ్చు టైర్లకు గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది చమురు కంపెనీల నిబంధన. ఇటువంటివాడికి తన ఆవరణలో తానే ధర నిర్ణయించుకోగల వ్యాపారం ఏదైనా ఉందంటే అది కారు కడగడం లాంటిదే. ఆ ఆకర్షణను అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఇక పుదుచ్చేరి ప్రత్యేకత ఏమిటి? ఈ ఊరు తేడాల మీద బతుకుతుంది. పుదుచ్చేరి భూభాగం ఒకే ముక్కగా ఉండదు. చెన్నై నుంచి తూర్పు తీర రహదారి మీద వచ్చేవారికి ముందు కాలాపేట రూపంలో పుదుచ్చేరి తగులుతుంది, తరువాత మళ్లీ తమిళనాడు వస్తుంది, ఆపైన ఊరు మొదలవుతుంది. ప్రతి గీత దగ్గరా పన్ను మారుతుంది. 2025 జనవరి 1 నుంచి ఇక్కడి ప్రభుత్వం వ్యాట్ పెంచిన తరువాత కూడా పెట్రోలు చెన్నై కంటే లీటరుకు నాలుగు రూపాయలకు అటూ ఇటూ చవకగానే దొరుకుతోంది. నేను పుట్టి పెరిగిన యానాంలో ఈ తేడా ఇంకా పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు నాలుగు రూపాయల అదనపు సుంకం, మరో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అందువల్ల కాకినాడలో కొనేదానికంటే యానాంలో లీటరు పది రూపాయలకు పైగా తక్కువకు వస్తుంది. పని మీద వచ్చినవాడు ట్యాంకు నింపుకుని పోవడం, ట్యాంకు నింపుకోవడమే పనిగా రావడం రెండూ మా వైపు మామూలే.

తేడా మీద బతకడం మాకు కొత్త కాదు. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకు అది వర్తించలేదు. చుట్టుపక్కల తెలుగు జిల్లాల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చి పిల్లలకు పెళ్లిళ్లు చేసి తీసుకుపోయేవారు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. తరువాతి కాలంలో మద్యం, ఆ తరువాత ఖరీదైన కార్ల రిజిస్ట్రేషను ఆ పాత్రను పోషించాయి. రోడ్డు పన్ను తక్కువని పొరుగు రాష్ట్రాల సంపన్నులు పుదుచ్చేరి చిరునామాతో కార్లు రిజిస్టరు చేయించుకున్న వ్యవహారం 2017లో కేరళలో కేసుల దాకా వెళ్లింది. సరుకు మారుతూ వచ్చింది గాని సూత్రం మారలేదు. గీతకు అవతల ఉన్న ఇబ్బందే గీతకు ఇవతల వ్యాపారం.

ఊరి శివార్లలో, సరిహద్దుకు దగ్గరలో ఒక బంకు ఉంది. దాని యజమాని కుటుంబం ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి వలస వచ్చిన నాయుళ్లు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, రాయడం మాత్రం తమిళంలోనే. ఆయన ఈ మధ్య నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. బంకు వెనుక ఖాళీగా పడి ఉన్న స్థలంలో వాటర్ వాష్ పెట్టమని ఎవరో యంత్రాల వ్యాపారి ఇచ్చిన అంచనా అది. రోజుకు ముప్ఫై కార్లు వస్తాయని, ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగి వస్తుందని అందులో ఉంది. “మీరు ప్రభుత్వం లెక్కలు చదువుతారు కదా సార్, ఇది కూడా చూసి చెప్పండి” అన్నాడాయన. ప్రభుత్వ బడ్జెట్‌కూ యంత్రాలు అమ్మేవాడి అంచనాకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ రాబడి గట్టిగా కనిపిస్తుంది, ఖర్చు మెత్తగా కనిపిస్తుంది. అందుకే నేను వేరే కాగితం మీద నా లెక్క వేసి చూశాను. ఇవి నా అంచనాలు మాత్రమే. మీ ఊరి అంకెలు వేసుకుని ఎవరి లెక్క వారు చేసుకోవచ్చు.

మొదట పన్ను సంగతి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్లు కడిగేవాడి రాబడి ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కరలేదు. బంకు యజమానికి ఆ సౌకర్యం లేదు. పెట్రోలు, డీజిల్ జీఎస్టీ పరిధిలోకి రాకపోయినా, రిజిస్ట్రేషను అవసరమా కాదా అని చూసే మొత్తం టర్నోవరులో వాటి అమ్మకం కూడా కలుస్తుంది. పైగా ఇంజను ఆయిలు అమ్ముతాడు గనుక అతను ముందే రిజిస్టరై ఉంటాడు. కాబట్టి అతను కడిగే మొదటి కారు మీద, మొదటి రూపాయి నుంచి 18 శాతం పన్ను పడుతుంది. ఒకే వీధిలో, ఒకే నీటితో, ఒకే సబ్బుతో కడిగినా ఇద్దరి మధ్య ఆ తేడా ఉంటుంది. తేడా మీద బతికే బంకును తేడాయే దెబ్బతీసే చోటు ఇది.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. కారుకు 400 రూపాయలు తీసుకుంటే పన్ను పోను యజమానికి చేరేది 339. నెలకు 26 రోజులు, రోజుకు సగటున 12 కార్లు అనుకుందాం. అంటే 312 కార్లు. రాబడి లక్షా అయిదు వేల పైచిలుకు. ముగ్గురు కుర్రాళ్ల జీతాలు, భోజనం, బోనసు కలిపి 48 వేలు. కరెంటు 8 వేలు. పంపు, గన్ను, గొట్టాల మరమ్మతులకు 6 వేలు. షాంపూ, గుడ్డలు వగైరా కారుకు 30 చొప్పున 9,400. ర్యాంపు, ప్రెషరు పంపు, నురుగు యంత్రం, వాక్యూము, జిడ్డును వేరు చేసే తొట్టితో కూడిన కాలువ, ఇవన్నీ కలిపి 8 లక్షలు పెట్టి అయిదేళ్లలో రాబట్టుకోవాలనుకుంటే నెలకు 13,300. మొత్తం ఖర్చు దాదాపు 84,700. మిగిలేది 21 వేలు. ఇందులో స్థలం అద్దె లేదు, అప్పు మీద వడ్డీ లేదు, నీటి ధర అసలే లేదు. రోజుకు 12 కార్లకు బదులు 8 వస్తే ఈ 21 వేలు మాయమై నెలకు పదివేల పైగా నష్టం వస్తుంది. తొమ్మిది, పది కార్ల దగ్గర లాభనష్టాలు సమానమవుతాయి.

ఆ సగటు నిలబడేది ఎలా? అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని తడుపుతాయి. వాన కురిసే వారంలో కారు కడిగించేవాడు ఉండడు. ఆయుధ పూజకు ముందు రెండు రోజులు మాత్రం ఊళ్లోని ప్రతి ర్యాంపు ముందు వరుసలు కడతారు. సరుకునైతే మందకొడి రోజుల్లో దాచి పండుగ రోజుల్లో అమ్ముకోవచ్చు. శ్రమను దాచుకోలేం. మంగళవారం ఖాళీగా గడిచిన మూడు గంటలు ఎన్నటికీ తిరిగి రావు. ఆ మూడు గంటల జీతం మాత్రం ఇవ్వక తప్పదు.

నాయుడుగారు ఈ లెక్క అంతా ఓపికగా విని, తన లెక్క ఒక్క వాక్యంలో చెప్పాడు. “నెలకు ఇరవై వేలు అంటే రోజుకు 175 లీటర్ల పెట్రోలు ఎక్కువ అమ్మితే చాలు కదా సార్. శనివారం పొద్దుట అరగంటలో అమ్ముతాను.” వ్యాపారపరంగా ఆ మాటకు తిరుగు లేదు. 21 వేలను నాలుగు రూపాయల కమిషనుతో భాగిస్తే నెలకు 5,250 లీటర్లు, రోజుకు 175. సరిహద్దుకు అటువైపు ప్రభుత్వం పన్నులో చిన్న మార్పు చేస్తే, ఇటువైపు ఎవరూ వేలు కదపకుండానే ఆ అమ్మకం పెరుగుతుంది. అలాంటప్పుడు కుర్రాళ్లను పెట్టుకుని, బోరు వేయించుకుని, కాలుష్య నియంత్రణ అధికారుల చుట్టూ తిరిగే శ్రమ ఎవరు పడతారు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 నాటి వర్గీకరణలో కేవలం ఇంధనం పోసే పనిని మినహాయించి, వాహనాల సర్వీసింగును ఆరెంజ్ వర్గంలో పెట్టింది. గొట్టం పట్టుకుని పెట్రోలు పోసినంతవరకు ఒక చట్టం, నీళ్ల గన్ను పట్టుకోగానే మరో చట్టం.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. అది వచ్చే మనిషికి సంబంధించినది. సరిహద్దు బంకుకు వచ్చేవాడు సాధారణంగా దారిన పోయేవాడు. శుక్రవారం సాయంత్రం చెన్నై నుంచి బయలుదేరి, రెండు రోజులు బీచ్ రోడ్డులో తిరిగి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ట్యాంకు నింపుకుంటాడు. అతని కారు మీద ఉప్పుగాలి పేరుకున్న జిగురు ఉంటుంది, ఆరోవిల్ దారుల ఎర్రమట్టి ఉంటుంది. కడగవలసిన కారు ఏదైనా ఉందంటే అదే. కానీ అతనికి నలభై నిమిషాల వ్యవధి లేదు. ముందు నూట యాభై కిలోమీటర్ల రోడ్డు ఉంది, పిల్లలకు తెల్లవారితే బడి ఉంది. పెట్రోలుకు మూడు నిమిషాలు చాలు. వరుసలో అతని వెనుక ఇంకో పది కార్లు ఉంటాయి. ఆ రద్దీలో వెనుక స్థలంలోకి కారు తిప్పించడం కూడా కష్టమే. ఊళ్లోవాళ్ల సంగతి చూస్తే, వారి కారును నెల జీతానికి ఒక కుర్రాడు తెల్లవారుజామున ఇంటి ముందే తుడిచి వెళ్లిపోతాడు. బంకుకు మురికి కారు వస్తుంది, తీరిక రాదు. తీరిక ఉన్నచోట కారు మురికిగా ఉండదు.

అమెరికాలో ఈ వ్యాపారం ఎందుకు నడుస్తుందో గమనిస్తే మన పరిస్థితి ఇంకా స్పష్టమవుతుంది. 1914లో డెట్రాయిట్‌లో తొలి కార్ల లాండ్రీ తెరిచినప్పుడు అక్కడా మనుషులే కారును తోసుకుంటూ పోయి కడిగారు. కూలి ఖరీదైన కొద్దీ యంత్రం వచ్చింది. ఇప్పుడు అక్కడి గ్యాస్ స్టేషన్ పక్కన కారు సొరంగంలో దూరి కొద్ది నిమిషాల్లో బయటికి వస్తుంది. చదువుకోవడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలు ఎందరో ఆ స్టేషన్ల కౌంటర్ల వెనుక నిలబడి రాత్రులు గడిపినవారే. అక్కడ వ్యాపారాన్ని నిలబెట్టినది ఒక్క యంత్రమే అనుకుంటే పొరపాటు. నెలకు ఇంత అని కడితే ఎన్నిసార్లయినా కడిగించుకోవచ్చన్న చందా పద్ధతి వచ్చింది. మిస్టర్ కార్ వాష్ అనే సంస్థ ఆ చందాదారుల బలంతోనే 2021లో న్యూయార్కు స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. వాన కురిసిన నెలలోనూ చందా వస్తుంది. ఇందాక నేను చెప్పిన సగటు సమస్యకు అదే పరిష్కారం. అయితే చందా కట్టేది ఆ చుట్టుపక్కల నివసించేవాడు. వారానికోసారి అదే దారిన ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడు. పన్ను తేడా కోసం ఆగేవాడు చందా కట్టడు. తేడా పోయిన మరునాడు అతను మళ్లీ రాడు.

ఇక నీళ్లు. గన్నుతో కడిగితే కారుకు 150 లీటర్లు అనుకుందాం. నెలకు 312 కార్లకు దాదాపు 47 వేల లీటర్లు అవుతాయి. పుదుచ్చేరి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తీరం వెంబడి బోర్లు అతిగా తోడడం వల్ల భూగర్భంలోకి ఉప్పునీరు చొచ్చుకు వస్తోందన్నది ఇక్కడ నిపుణులే చెప్పనక్కరలేదు, కాఫీ రుచి చెబుతుంది. భూగర్భ జలాల నియంత్రణకు ఈ కేంద్రపాలిత ప్రాంతం 2002లోనే చట్టం చేసుకుంది. అయినా బోరు నీటికి యజమాని కట్టే ధర మోటారు కరెంటు ఖర్చే. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరుకు 1,500 చొప్పున కొనవలసి వస్తే అతనికి నెలకు సుమారు 6 వేలు అవుతుంది. ఆ భారం పడినా ఈ వ్యాపారం చచ్చిపోదు, 21 వేలు 15 వేలు అవుతాయి. అసలు విషయం నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే యంత్రం దగ్గర తేలుతుంది. దానికి రెండున్నర లక్షలు పెట్టి, నూటికి 70 వంతుల నీరు మిగిల్చారనుకుందాం. నెలకు నాలుగు వేల రూపాయల నీరు మిగులుతుంది. యంత్రం పెట్టుబడి అయిదేళ్లకు పంచితే నెలకు 4,100 పైచిలుకు. అంటే నీళ్లు కొనుక్కునేవాడికి ఆ యంత్రం ఇంచుమించు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. బోరు నీళ్లు ఊరికే తోడుకునేవాడికి మొత్తం ఖర్చు దండగ. అతను దాన్ని పెట్టడు. పెట్టమని చట్టం చెప్పినా మూలన కూర్చోబెట్టి తనిఖీ రోజున మాత్రం తిప్పుతాడు. నీటికి ధర లేనంతకాలం నీటిని కాపాడేవాడికి నష్టం, పారబోసేవాడికి లాభం.

బెంగళూరు ఈ పాఠాన్ని కష్టం వచ్చాక నేర్చుకుంది. 2024 మార్చిలో నీటి కొరత ముదిరినప్పుడు అక్కడి నీటి సరఫరా బోర్డు తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘిస్తే 5 వేల జరిమానా విధించింది. బావి ఎండాక వేసే జరిమానా అది. 

పుదుచ్చేరికి ఈ విషయంలో ఇంకెవరూ గుర్తు చేయనక్కరలేదు. భారతి పార్కు నడుమ తెల్లగా నిలిచిన ఆయి మండపం ఈ ప్రభుత్వ చిహ్నం. దాని వెనుక ఉన్న ఐతిహ్యంలో మన కృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు. ఈ దారిన వెళుతూ దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని గుడి అనుకుని మొక్కాడని, అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చమన్నాడని, ఆమె తన ఇంటిని తానే కూల్పించి అక్కడ జనం కోసం చెరువు తవ్వించిందని చెబుతారు. తరువాత మూడో నెపోలియన్ కాలంలో ఆ నీటిని పట్టణానికి తెచ్చినప్పుడు ఫ్రెంచివారు ఆమె పేర ఈ మండపం కట్టారు. రాజముద్రగా నీళ్లిచ్చిన మనిషి పేరును పెట్టుకున్న ప్రభుత్వం, తోడుతున్న నీటికి మీటరు పెట్టడానికి మాత్రం జంకుతోంది.

ఈ లెక్కల్లో 48 వేలు అని ఒక్క గీతలో రాసేసిన ముగ్గురు కుర్రాళ్ల గురించి కూడా చెప్పాలి. విల్లియనూరు వైపు రోడ్డు పక్కన ఒక వాటర్ వాష్‌లో పనిచేసే అబ్బాయి నా మాట యాస విని పలకరించాడు. యానాంకు అవతల గోదావరి లంకల్లోని ఊరు అతనిది. రోజంతా తడిలోనే నిలబడడం వల్ల వేళ్ల సందులు ఒరిసిపోయి పాదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బూట్లు ఇవ్వలేదా అని అడిగితే నవ్వాడు. “ఇచ్చారండి బాబాయ్‌గారూ. బూట్లలోకి నీళ్లు పోతే ఇంకా ఎక్కువ ఒరుస్తాయండి. వానొస్తే పనుండదండి, పనుంటే కాళ్లుండవండి.” రోడ్డు పక్క షెడ్డు కారుకు 300 మాత్రమే తీసుకోగలగడం వెనుక జీఎస్టీ మినహాయింపు ఒక్కటే లేదు. ఈ పాదాలు కూడా ఉన్నాయి. పోటీకి నిలవాలంటే బంకు యజమాని కూడా ఇదే చేయాలి. లేదా వారానికి సెలవు, ప్రావిడెంట్ ఫండు, వైద్యం అన్నీ ఇచ్చి ధర పెంచుకోవాలి. రెండో దారిలో నడిచేవాడిని నిలబెట్టే విధానమేదీ ఇప్పటివరకు మన పాలకుల దగ్గర లేదు.

అయితే వాటర్ వాష్ ఆలోచనను నాయుడుగారు పూర్తిగా వదిలేయాలా? ఈనాటి లెక్క ప్రకారం వదిలేయమనే చెప్పాలి. రేపటి లెక్క వేరు. అతని బంకు నిలబడిన పునాది ఒక్క సంతకంతో కదిలిపోగలది. పెట్రోలును జీఎస్టీలోకి తెచ్చే తేదీని జీఎస్టీ మండలి సిఫారసు చేయవచ్చని రాజ్యాంగంలోని 279ఎ అధికరణమే చెబుతోంది. 2021 సెప్టెంబరు 17న లక్నోలో మండలి ఆ విషయాన్ని చర్చించి ఇంకా సమయం రాలేదని పక్కన పెట్టింది. సమయం వచ్చిన రోజున కాలాపేటలోనూ కాకినాడలోనూ ఇంచుమించు ఒకే ధర ఉంటుంది. పుదుచ్చేరి ప్రభుత్వానికి ఆ భయం ఇంకా ఎక్కువ. రాష్ట్రాలకు వచ్చే ఆర్థిక సంఘం వాటా దానికి లేదు. శాసనసభ ఉండి రాష్ట్రం కాని ప్రాంతం గనుక, కేంద్రం ఇచ్చే గ్రాంటు పోను తక్కినదాన్ని చాలావరకు మద్యం, ఇంధనం, రిజిస్ట్రేషన్ల వంటి సొంత పన్నుల నుంచే రాబట్టుకోవాలి. ప్రభుత్వమూ బంకు యజమానీ ఒకే గీత మీద నిలబడి ఉన్నారు. రాష్ట్ర హోదా కావాలని ప్రతి ముఖ్యమంత్రీ తీర్మానం చేయిస్తాడు. గీత చెరిగిపోతే ఊరు ఏం అమ్ముకుని బతకాలన్న చర్చ మాత్రం సభలో జరగగా నేను వినలేదు.

రెండో మార్పు విద్యుత్ కార్లది. ఆ కారుకు సరిహద్దుతో పనిలేదు. రాత్రి ఇంట్లోనే చార్జి చేసుకుంటుంది. దూర ప్రయాణంలో ఫాస్ట్ చార్జరు దగ్గర ఆగితే మాత్రం అరగంట నుంచి గంట దాకా ఆగుతుంది. ఇందాక మనం వెతికిన తీరిక అక్కడ దొరుకుతుంది. మూడు నిమిషాల్లో వెళ్లిపోయే మనిషికి అమ్మలేనిదాన్ని నలభై నిమిషాలు కూర్చున్నవాడికి అమ్మవచ్చు. కాఫీ అమ్మవచ్చు, భోజనం పెట్టవచ్చు, కారు కడిగి ఇవ్వవచ్చు. దేశంలో బంకుల సంఖ్య లక్షకు చేరిన ఈ రోజుల్లో, వాటిలో ఎన్ని అలా ఆగదగిన చోట్లుగా మారతాయన్నదే రాబోయే పదేళ్ల ప్రశ్న. ఆ లక్షలో మా యానాం బంకులు, ఈ సరిహద్దు బంకులు అందరికంటే ముందు ఆ పరీక్షకు కూర్చోవాలి. తేడా పోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేవి అవే.

అందుకే నా సలహా ఇలా ముగించాను. ఈ సంవత్సరం యంత్రాలు కొనవద్దు. వెనుక స్థలాన్ని మాత్రం గోదాముకు అద్దెకివ్వక ఖాళీగా ఉంచుకోండి. చార్జరు పెట్టిన రోజునే ర్యాంపు కట్టండి. కట్టేటప్పుడు నీటిని తిరిగి వాడే తొట్టిని మొదటే కట్టండి, తరువాత తవ్వి కట్టడం రెండింతల ఖర్చు. దారిన పోయేవారి కోసం ఎదురుచూడకుండా చుట్టుపక్కల ట్యాక్సీలు, ఆసుపత్రి వాహనాలు, బడి వ్యాన్లతో నెలవారీ ఒప్పందం కుదుర్చుకోండి. రోజుకు పది వాహనాలు ఖాయమయ్యేదాకా బయటి బోర్డు పెట్టకండి.

ప్రభుత్వానికి చెప్పవలసింది ఇంతకంటే చిన్నది. వాణిజ్య అవసరానికి తోడే ప్రతి బోరుకు మీటరు పెట్టి, నీటిని తిరిగి వాడేవాడికి ఆ రుసుములో రాయితీ ఇవ్వాలి. రోడ్డు పక్క షెడ్డుకూ బంకుకూ ఒకే నియమం ఉండాలి. దీనికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు, లెఫ్టినెంట్ గవర్నరుతో పేచీ కూడా రాదు. చట్టం 2002 నుంచి బల్ల మీదే ఉంది. వచ్చే బడ్జెట్ సమావేశంలో పెట్రోలు మీద వ్యాట్ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని మా విలేకరులం అడుగుతాం. ఈసారి బోరు మీటర్ల సంగతి కూడా అడగాలని నా డైరీలో రాసుకున్నాను.